మొదటి పేరు

తన పరిశోధనను తనే కాపీ కొట్టిందన్న నోటీసు పట్టుకుని షాహీన్ హైదరాబాదు నుంచి బాన్సువాడ వచ్చి పడిన సంగతి మీకు తెలుసు. గైడు హరనాథబాబు పేరుతో అచ్చయిన రీసెర్చ్ పేపర్లో గ్రాఫులు ఆమెవి, వాక్యాలు ఆమెవి. పేరు మాత్రం లేదు. ఆ చోట రాజశ్రీ అని ఎవరిదో పేరు ఉంది. యూనివర్సిటీ వాళ్ల కంప్యూటర్ ఆ పేపర్ పక్కన షాహీన్ థీసిస్‌ను పెట్టి చూసి, నాలుగో అధ్యాయమంతా దొంగసొత్తేనని తేల్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతున్న పిల్లకు, పోయిన వారం బస్టాండు ముందర కొత్త ఫ్లెక్సీ కనిపించింది. హరనాథబాబు ఫోటో పక్కన తన ఫోటో. కింద పెద్దక్షరాలతో 'మన బాన్సువాడ బిడ్డ' అని, ఆదివారం ఫంక్షన్ హాల్లో బడి వాళ్లు చేసే సన్మానానికి అందరూ రావాలని.

పేరు చెరిపేసిన మనిషి ఫోటో ఎందుకు వేయించాడో ఆమెకు అంతు పట్టలేదు. అడిగి తేల్చుకోవాలనే, ఆ ఆదివారం పొద్దున తండ్రి కంటే ముందే ఫంక్షన్ హాలుకు బయలుదేరింది.

హాలు ముందర బడి వ్యాన్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అద్దాలకు బంతిపూల దండలు. దసరా సెలవులు అయిపోయి బడులు తెరిచారు. ఆ వ్యాన్లన్నింటికీ ఇవాళ ఒక్కో పెట్టె బిగించి, రేపటి నుంచి పిల్లల్ని వాటిలోనే తీసుకుపోతారు. పెట్టె అంటే అరచేయంత రేడియో. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో వస్తోంది అన్నది గాలిలోకి చెబుతూ ఉంటుంది. ఎదుటి బండిలోనూ అలాంటి పెట్టె ఉంటే అది విని, మలుపు అవతల బండి వస్తోందని డ్రైవరుకు ముందే మోగి చెబుతుంది. బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. షాహీన్ పీహెచ్‌డీ అంతా దాని మీదే.

వేదిక వెనక గదిలో హరనాథబాబు ఇడ్లీ తింటున్నాడు. తెల్లని చొక్కా, నెరిసినా ఒత్తుగా ఉన్న జుట్టు. ఆమెను చూడగానే ముఖం విప్పారింది.

"రా అమ్మా షాహీన్. కూర్చో. టిఫిన్ చేశావా?"

ఆమె కూర్చోలేదు. దారి పొడవునా పోగు చేసుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి. నోటికి వచ్చింది ఒక్కటే.

"నా పేరు ఎందుకు తీసేసిండ్రు సార్?"

"తీసెయ్యలేదమ్మా. పంపించే హడావుడిలో జారిపోయింది. డిపార్ట్‌మెంట్ వాళ్లు రాజశ్రీ పేరు ఎక్కించారు, నేను చూసుకోలేదు."

"ఎన్ని సార్లు దిద్దుకొని పంపిన పేపరు సార్ అది. పంపిన ప్రతిసారీ నా పేరే జారిపోయిందా?"

హరనాథబాబు చెయ్యి కడుక్కుని, తువాలుతో తీరిగ్గా తుడుచుకున్నాడు. ఆ తీరికే షాహీన్‌కు ఒళ్లు మండించింది. పరిశోధనలో చేరిన కొత్తలో యూనివర్సిటీ వెబ్‌సైటులో ఆయన పేజీ తెరిచి, రెండు వందలు దాటిన పేపర్ల పట్టికను కిందికి జరుపుకుంటూ పోయేది. కార్ల మధ్య సంకేతాలు, రైళ్లలో ఫోన్లకు సిగ్నల్, అంబులెన్సుకు దారిచ్చే ట్రాఫిక్ లైట్లు. ఒక్క మనిషి ఇంత పని ఎట్లా చేశాడా అని అబ్బురపడేది. ఇప్పుడు తెలుస్తోంది, ఒక్క మనిషి చెయ్యలేదని.

"నీ కోపం న్యాయమే," అన్నాడాయన. "అందుకే సరిదిద్దించాను. చూడు."

ఫోను ఆమె చేతికి ఇచ్చాడు. అదే పేపర్. పైన కొత్త వరస. షాహీన్, హరనాథబాబు, రాజశ్రీ. తన పేరు మొదట ఉంది. ఈ విద్యలో మొదటి పేరు అంటే పని చేసిన మనిషి అని. మిగతా పేర్లు ఎవరివైనా కావచ్చు, మొదటిది మాత్రం చెమటోడ్చినవాళ్లది.

ఆమెకు కళ్లు చెమర్చాయి. ఎంత ఆపుకున్నా సంతోషం ఆగలేదు. ఆర్నెల్లు ఎండలో, వానలో ఆ బీర్కూర్ రోడ్డు మీద తిరిగింది ఈ ఒక్క ముక్క కోసమే కదా.

"ఇక కాపీ అన్న మాటే ఉండదు," హరనాథబాబు చెప్పుకుపోతున్నాడు. "నీ పేపర్లోది నీ థీసిస్‌లో ఉంటే కాపీ ఎలా అవుతుంది? కమిటీ వాళ్లతో మాట్లాడాను. కొత్త సంవత్సరానికల్లా డాక్టర్ షాహీన్ అని పిలవొచ్చు. నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. జర్నల్ వాళ్లు నీకు మెయిల్ పంపి ఉంటారు. పేరు చేర్చడం నీకు సమ్మతమేనని అందులో ఒకచోట నొక్కాలి."

షాహీన్ ఆయన ఫోను తిరిగిచ్చి తన ఫోను తీసింది. మెయిల్ ఉంది. నీలం రంగు బొత్తాం మీద 'సమ్మతిస్తున్నాను' అని. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. ప్రయోగాలకు, కొలతలకు పూర్తి బాధ్యత షాహీన్‌ది, వాటిలో ఏదీ వదిలిపెట్టలేదు అని.

బొటనవేలు ఆ బొత్తాం మీదికి పోయింది. కానీ దిద్దిన పేపర్ మొత్తం ఒకసారి చూడనిదే ఎట్లా అనిపించి, మెయిల్‌తో వచ్చిన ఫైలు తెరిచి కిందికి జరిపింది. మలుపు బొమ్మ వచ్చింది. కాలువ కట్ట దాటాక బీర్కూర్ వైపు రోడ్డు చటుక్కున తిరిగే చోటు. తరువాత గ్రాఫు. ఎంత దూరంలో ఉండగా పెట్టె మోగుతుందో చూపించే గీత, చక్కగా, ఎత్తుగా. పక్కన ఇంకో గీత ఉండాలి. ఆమె గీసినప్పుడు రెండు ఉన్నాయి.

"రెండో గీత ఏది సార్?"

"ఏ గీత?"

"చెరుకు నిలబడి ఉన్నప్పటిది."

హరనాథబాబు టీ కప్పు అందుకున్నాడు. "పేజీలకు హద్దు ఉంటుంది కదమ్మా. అదీకాక అవి సరిగా రాని కొలతలు. అలాంటివి పక్కన పెట్టడం ఎక్కడైనా ఉన్నదే."

"కొలతలు సరిగ్గనే వచ్చినయి సార్. పెట్టెనే పనిచెయ్యలే."

అది ఆయనకు తెలియనిది కాదు. ఆమె రెండు కాలాల్లోనూ పని చేసింది. కోత అయ్యాక పొలం బోడిగా ఉన్నప్పుడు, అటు నుంచి ఒక ఆటో, ఇటు నుంచి ఒక ఆటో వస్తుంటే పెట్టెలు ఒకదాన్నొకటి దూరం నుంచే పలకరించుకున్నాయి. అదే చెరుకు మనిషి తల దాటి ఎదిగి, ఆకులు మంచుకు తడిసి ఉన్నప్పుడు, సిగ్నల్ అంతా ఆ పచ్చదనమే తాగేసింది. చాలాసార్లు బండ్లు ఎదురుపడే దాకా ఉలుకూ పలుకూ లేదు. కొన్నిసార్లు అసలే లేదు. అదంతా రాసి, పెట్టె ఇంకా బండ్లకు పనికిరాదని, మలుపు దగ్గర స్తంభం వేసి ఇంకో రేడియో పెట్టాలని ఆమె రిపోర్టులో చెప్పింది.

"ఏడాది మొత్తంల కోత అయినంక కొన్నాళ్లే ఆ పొలం ఖాళీగ ఉంటది," అంది షాహీన్. "మిగతా రోజులన్నీ చెరుకే. మీరు పక్కన పెట్టింది ఆ మిగతా రోజులను సార్. ఇప్పుడు పొలంల చెరుకు ఎట్ల నిలబడ్డదో వచ్చేటప్పుడు చూసినరా? రేపు ఆ వ్యాన్లల్ల పిల్లలు పోతరు."

"పెట్టె లేకపోయినా పోతున్నారు కదా."

"లేకుంటే డ్రైవర్ జాగర్తగ పోతడు సార్. ఉంటే దాన్ని నమ్ముకుంటడు."

ఆమెకు అప్పుడు తట్టింది అసలు అడగవలసిన మాట.

"ఇన్ని నెలలుగా నేను మెయిల్ మీద మెయిల్ పెడితే ఒక్క జవాబు రాలే. ఇయ్యాల మీరే మొదటి పేరు ఎందుకిస్తున్నరు?"

ఆయన తలుపు వైపు చూశాడు. తలుపు మూసే ఉంది. గొంతు తగ్గించి, దగ్గరివాళ్లతో కష్టం చెప్పుకున్నట్టు చెప్పాడు.

"ఎవరో పనిలేనివాడు జర్నల్‌కు రాశాడమ్మా. అంకెలు మరీ నున్నగా ఉన్నాయి, అసలు ఫైళ్లు చూపించమనండి అని. ఆ ఫైళ్లు నీ దగ్గరే కదా ఉన్నాయి. కోత తరువాతవి పంపించు చాలు. మిగతావి ఉన్నాయని ఎవరికి తెలుస్తుంది?"

షాహీన్‌కు ఒక్కసారిగా అంతా కళ్ల ముందు స్పష్టమైంది. మొదటి పేరు అంటే అడిగినప్పుడు మొదట జవాబు చెప్పవలసిన పేరు. రేపు అంకెలు అబద్ధమని తేలితే, కొలిచింది నేను కాదు, ఆ అమ్మాయి అని ఆయన చెప్పవచ్చు. ఆ మలుపు దగ్గర రేపు ఏమైనా అయితే, పూచీ రాసిచ్చింది ఆ అమ్మాయే అని చూపించవచ్చు. ఇంతసేపూ ఆ పేరు చూసి కళ్లు తుడుచుకున్నందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

"మీరు నా పేరు నాకు వాపసిస్తలేరు సార్," అంది. "మీ తప్పును నా పేరు మీద ఎక్కిస్తున్నరు."

హరనాథబాబు ముఖంలో మెత్తదనం అక్కడితో అయిపోయింది.

"నొక్కకపోతే నువ్వెవరివి? కాపీ కేసులో ఇరుక్కున్న స్టూడెంటువి. నీ మాట ఎవరు వింటారు? మీ నాన్నగారు ముందు వరసలో కూర్చున్నారు. నేనే కబురు పెట్టి పిలిపించాను. ఆయన ముందర ఎట్లా కనపడాలో నువ్వే తేల్చుకో."

ఆమె ఫోను సంచిలో పడేసి బయటికి వచ్చింది.

గాలి ఆడక వాకిట్లోకి వెళితే, వ్యాన్ల దగ్గర సాయన్న కనిపించాడు. బీర్కూర్ పిల్లలను బడికి తెచ్చే డ్రైవరు. అప్పట్లో ఆటో నడిపేవాడు. ప్రయోగాలప్పుడు ఆ ఆటో వెనక సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆమె కూర్చునేది. అప్పుడు పెట్టెకు మోత లేదు. వచ్చిన సిగ్నల్, రాని సిగ్నల్ అంతా ల్యాప్‌టాప్‌లోనే పడేది, ఆయన ఎన్నడూ అడిగింది లేదు. చెప్పిన చోటికి బండి తిప్పేవాడు.

"షాహీన్ బిడ్డా, ఇగో చూడు," అన్నాడు గర్వంగా, అద్దం కింద బిగించిన నల్లపెట్టెను వేలితో తట్టి. "నువ్వు చేసిందని చెప్పంగనే మొదలు నా బండికే పెట్టుమన్న. ఇగ ఫికర్ లేదు. ఆ చెరుకు మలుపు కాడ హారన్ కొట్టుకుంట, ఆగుకుంట పోవుడు బంద్. పెట్టె జూస్కుంటది. పిల్లలు బడికి టైముకు పోతరు."

షాహీన్ నోరు తెరిచింది. లోపల మైకులో ఆమె పేరు పిలుస్తున్నారు.

హాలు నిండిపోయి ఉంది. తల్లులు, తండ్రులు, డ్రైవర్లు, టీచర్లు. ముందు వరసలో అమానుల్లా, ఇస్త్రీ మడతలు చెదరని తెల్లని కుర్తాలో. బస్టాండు పక్కన టైర్ల దుకాణం ఆయనది. ఆదివారమూ దించని షట్టరు ఇవాళ దించేసి వచ్చాడు. కూతురు వేదిక ఎక్కుతుంటే పక్కనున్నాయనతో, "హమారీ బేటీ," అని వేలెత్తి చూపించాడు.

బడి కరస్పాండెంటు రాజేశ్వర్ ఆమెకు శాలువా కప్పబోయాడు. ఆమె రెండు చేతులతో ఆపింది.

"శాలువా వద్దు సార్. రెండు మాటలు మాట్లాడుత."

మైకు పట్టుకున్నాక ఆమె హరనాథబాబు వైపు చూడలేదు. డ్రైవర్లు నిలబడ్డ వెనక గోడ వైపు చూసింది.

"అందరికీ ఒక సంగతి చెప్పాలె. ఈ పెట్టెను బీర్కూర్ రోడ్డు మీద పరీక్ష చేసింది నేనే. కోత అయినంక మంచిగ మోగుతది. చెరుకు ఎత్తుగ ఉన్నప్పుడు ఆ మలుపు కాడ మోగదు. మోగినా ఆలస్యంగ మోగుతది. ఆ సంగతి నేను రాసిచ్చిన. అచ్చేసినోళ్లు దాన్ని తీసేసిండ్రు. ఇప్పుడు చెరుకు కోతకు రాలే. మీ పిల్లల బండ్లల్ల ఈ పెట్టెను నమ్మొద్దు. డ్రైవర్లు మలుపు కాడ ఎప్పటి లెక్కనే ఆగుర్రి, హారన్ కొట్టుర్రి."

హాలంతా గుసగుసలు లేచాయి. రాజేశ్వర్ కంగారుగా మైకు కోసం చెయ్యి చాపాడు. ఆయన కంటే ముందు హరనాథబాబు లేచి, ఆమె చేతిలోంచి దాన్ని మెల్లగా, మర్యాదగా తీసుకున్నాడు.

"ఈ అమ్మాయి నా స్టూడెంటు. కూతురి లాంటిది. అందుకే ఇంతకాలం బయట పెట్టలేదు," అన్నాడు, బాధపడుతున్నట్టు తల ఊపుతూ. "యూనివర్సిటీలో ఈమె మీద కాపీ కేసు నడుస్తోంది. నా పేపర్ను ఎత్తి తన థీసిస్‌లో రాసుకుంది. ఆ ఒత్తిడిలో ఉంది. ఏం మాట్లాడుతోందో తనకే తెలియదు. పెద్ద మనసుతో క్షమించండి."

వెనక ఎవరో నవ్వారు. ఒక తల్లి పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఫ్లెక్సీ మీది ఫోటో గుర్తుపట్టి పొద్దున ఆమెకు దండం పెట్టిన టీచరు ఇప్పుడు చూపు తిప్పుకుంది. షాహీన్‌కు వాళ్లెవరూ కనిపించలేదు. తండ్రి ముఖమే కనిపించింది.

అమానుల్లా మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన మాట్లాడుతుంటే హాలు సద్దుమణిగింది.

"బేటా, గా కేసు ఉన్న మాట నిజమేనా?"

"ఉంది అబ్బా."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు దుకాణంల అందరికీ నా గురించి చెప్పుకుంట ఉంటివి. ఎట్ల చెప్పాల్నో తెల్వలే. నేను కాపీ కొట్టలే అబ్బా. నా పని నాది. వాళ్లు తీసుకున్నరు. ఇప్పుడు అది తప్పని తెలిసినంక నా పేరు మీద పెడుతమంటున్నరు."

అమానుల్లా హరనాథబాబు వైపు తిరిగాడు.

"సార్, మీరు పెద్ద చదువు చదివినోళ్లు. నాకు మీ పేపర్ల సంగతి సమజ్ కాదు. ఒక్కటే అడుగుత. చెరుకు ఉన్నప్పుడు గా పెట్టె మోగుతదా, మోగదా? నా బిడ్డ సంగతి తర్వాత చూద్దం. గది చెప్పుర్రి."

"అది అలా ఒక్క మాటలో చెప్పేది కాదండీ. అనేక అంశాలు—"

"ఒక్క మాటలనే కదా సార్ ఆమె చెప్పింది."

హరనాథబాబు మంచినీళ్ల సీసా అందుకున్నాడు. ఆ నీళ్లు తాగడం ఎంతకూ అయిపోలేదు. హాల్లో ఉన్నవాళ్లందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

వెనక నుంచి సాయన్న వేదిక దగ్గరికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"బిడ్డా, నన్ను జూసి చెప్పు. మోగదా?"

"మోగదు కాకా."

ఆయన ఇంకేమీ అడగలేదు. బయటికి పోయాడు. కిటికీలోంచి అందరికీ కనిపిస్తూనే ఉంది. వ్యాను తలుపు తీసి, ఆ పెట్టెను వైర్లతో సహా పీకి, బంతిపూల దండ భుజానికి తగులుతుంటే లాగి పారేసి, తిరిగి వచ్చాడు. పెట్టెను తెచ్చి రాజేశ్వర్ ముందు బల్ల మీద పెట్టాడు.

"నా బండికి వద్దు సార్. పిల్లలు నన్ను నమ్మి ఎక్కుతరు."

తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు లేచారు. మా పిల్లల బండికీ వద్దని ఒకాయన గట్టిగానే అన్నాడు. డ్రైవర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని బయటికి నడిచారు. షాహీన్ వేదిక మెట్టు మీదే కూర్చుండిపోయింది. అమానుల్లా వచ్చి పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. తల మీద చెయ్యి పెట్టి, "ఇంటికి పోదాం," అన్నాడు.

అప్పుడే సంచిలో ఫోను కదిలింది. జర్నల్ నుంచి కొత్త మెయిల్.

'షాహీన్ గారికి. రచయితగా మీ సమ్మతి అందింది. కొలతలన్నీ మీవేనని, వాటిలో ఏదీ వదిలిపెట్టలేదని మీరు ఇచ్చిన ధ్రువీకరణను నమోదు చేశాం. దిద్దిన పేపర్ ఇప్పుడే విడుదలైంది. ధన్యవాదాలు.'

ఆమె రెండోసారి చదివింది. నీలం బొత్తాం ఉన్న మెయిల్ తెరిచి చూసింది. తను ముట్టుకోలేదు. మైకు పట్టుకుని నిలబడ్డంత సేపూ ఫోను సంచిలోనే ఉంది. కానీ ఆ బొత్తాం ఉండవలసిన చోట ఇప్పుడు, సమ్మతి తెలిపారు, అని ఉంది. ఎక్కడి నుంచో, ఎవరో, యూనివర్సిటీ ఇచ్చిన తన మెయిల్ తెరిచి నొక్కారు.

తల ఎత్తితే, వేదిక మీద హరనాథబాబు కూడా తన ఫోను వైపే చూస్తున్నాడు. చదవడం అయ్యాక దాన్ని జేబులో పెట్టుకుని, చెదిరిన చొక్కా సవరించుకుని, మెట్లు దిగి నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. అందరూ చూస్తుండగా చెయ్యి చాపాడు.

"కంగ్రాచులేషన్స్, షాహీన్," అన్నాడు.